చలికాలపు తెల్లవారుజామున బండి ప్రయాణం: ఒక షిఫ్టు ఉద్యోగి ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర ఒక పల్లె. పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో పని చేస్తున్నాను. వారానికోసారి షిఫ్టు మారుతుంది. ఉదయం 6 గంటల షిఫ్టు పడినప్పుడు ఐదింటికి ముందే బయలుదేరి సుభద్రాపురం జంక్షన్ దగ్గర హైవే ఎక్కుతాను. నా బండి 2016లో కొన్న 110 సీసీ కార్బురేటర్ బండి. మంచులో దారి కనబడుతుందని దీపావళి తరవాత తెల్లటి ఎల్‌ఈడీ లైట్లు రెండు అదనంగా బిగించాను. ఇప్పుడు పొద్దున్న సెల్ఫ్ పట్టడం లేదు. కిక్కు కొట్టి కొట్టి స్టార్టు చేసినా వీధి చివరికి వెళ్లేసరికి ఆగిపోతోంది. చిక్కటి ఇంజిన్ ఆయిల్ పోయిస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నాడు. మంచులో రోడ్డు కనబడక ఒకసారి పక్క మట్టిలోకి దిగిపోయాను. హెల్మెట్ అద్దం లోపల మసక కమ్ముతోంది. సంక్రాంతి సెలవుల్లో నా భార్యను, రెండేళ్ల బాబును ఇదే బండి మీద అరకు తీసుకువెళ్లాలని ఉంది. బండిని ఎలా చూసుకోవాలో, ఎలా నడపాలో చెప్పగలరు.

సమాధానం: మీరు అడిగినవాటిలో చలికి నేరుగా సంబంధించినవి తక్కువే. మన మైదాన ప్రాంతంలో ధనుర్మాసపు తెల్లవారుజామున కూడా ఉష్ణోగ్రత సాధారణంగా 15 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. మనకు వణుకు పుట్టించే ఆ చలి ఇంజిన్‌కు లెక్కలోది కాదు. హిమాచల్‌లోనో లడఖ్‌లోనో తిరిగే బండ్ల కోసం చెప్పే శీతకాలపు జాగ్రత్తలను మనం ఇక్కడ ఉన్నవి ఉన్నట్టు పాటించనక్కరలేదు. అప్పటికే బలహీనపడి ఉన్న భాగం ఏదైనా ఉంటే దాన్ని బయటపెట్టడం తప్ప మన చలి బండికి పెద్దగా చేసేది లేదు. కష్టమంతా నడిపేవారిది. చీకటి, మంచు, తడిసిన రోడ్డు, నూర్పుల కాలంలో రోడ్డెక్కిన ధాన్యం, వెనక దీపం లేని చెరకు ట్రాక్టరు, ఇవన్నీ తెల్లవారుజామున ఆ ఒక్క గంటలోనే ఎదురవుతాయి, మీరు రోడ్డు మీద ఉండేది సరిగ్గా ఆ గంటలోనే. అందువల్ల ఈ సీజనులో మీరు పెట్టదలచిన ఖర్చులో ఎక్కువ భాగం ఇంజిన్ మీద కాకుండా హెల్మెట్ అద్దం, టైర్లు, చేతి తొడుగుల మీద పెట్టమని నా సలహా.

ముందు సెల్ఫ్ సంగతి చూద్దాం. లైట్లు బిగించిన తరవాతే సెల్ఫ్ మొరాయించిందని మీరే రాశారు కాబట్టి మొదట అనుమానించవలసింది ఆ లైట్లను. మీ బండి కాలంనాటి చిన్న బండ్లలో చాలావాటికి డూమ్ లైటు (హెడ్‌లైటు) కరెంటు బ్యాటరీ నుంచి రాదు. ఇంజిన్ తిరిగేటప్పుడు మాగ్నెట్ కాయిల్ నుంచి నేరుగా వస్తుంది, అందుకే బండి నిలబడి ఉన్నప్పుడు వెలుగు మందగించి, రేజ్ చేయగానే పెరుగుతుంది. బ్యాటరీ మీద హారన్, ఇండికేటర్లు, బ్రేకు లైటు, సెల్ఫ్ వంటివి మాత్రమే ఆధారపడతాయని లెక్కవేసి కంపెనీవారు 3, 4 ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీని, దానికి తగినంత చార్జింగును మాత్రమే ఇస్తారు. బయట బిగించే లైట్లు ఒక్కొక్కటి 20 వాట్లవి అనుకుంటే, రెండూ కలిసి 12 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లకు పైగా లాగుతాయి. తీగను నేరుగా బ్యాటరీకి కలిపి ఉంటే, గంట ప్రయాణంలో బండి బ్యాటరీకి పోసేదానికన్నా లైట్లు తోడేసేదే ఎక్కువ కావచ్చు. చలిలో బ్యాటరీ శక్తి కొంత తగ్గుతుంది, ఇంజిన్ ఆయిల్ కొంత బిగుస్తుంది, కాబట్టి రాత్రంతా నిలిపిన బండిని తెల్లవారుజామున తిప్పడానికి మోటారుకు ఇంకొంచెం ఎక్కువ బలం కావలసివస్తుంది. సగం ఖాళీ అయిన బ్యాటరీకి అంత బలం ఉండదు.

కొత్త బ్యాటరీ కొనడానికి ముందు ఒక పరీక్ష చేయించండి. ఆ రెండు లైట్ల తీగలను బ్యాటరీ నుంచి విడదీసి, బ్యాటరీ షాపులో రాత్రంతా నిదానంగా చార్జింగు పెట్టించి, మరునాడు ఉదయం బండి కదపకముందే మల్టీమీటరుతో వోల్టేజి చూడండి. 12.6 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 కన్నా తగ్గితే చార్జి నిలవడం లేదన్నట్టు. సెల్ఫ్ నొక్కినప్పుడు ముల్లు 9.5 కన్నా కిందికి పడిపోతే ఆ బ్యాటరీ ఆయుష్షు తీరిందనుకోవచ్చు. తరవాత బండి స్టార్టు చేసి కొంచెం రేజ్ చేసినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య చూపితే చార్జింగు సక్రమంగా ఉంది. ఈ మూడు అంకెలు చూడకుండా బ్యాటరీ మార్చితే, లోపం తీగల్లోనో చార్జింగులోనో ఉన్నప్పుడు కొత్తది కూడా సంక్రాంతి దాటకుండానే పాతదాని దారి పడుతుంది. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని ఉంటే వేడినీటిలో వంటసోడా కలిపి పాత బ్రష్షుతో కడిగి, పొడిగా తుడిచి, బిగించాక పెట్రోలియం జెల్లీ పూయండి. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్ అన్న వరస తప్పకూడదు. నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటరు తప్ప బావి నీరు, బోరు నీరు పోయకండి.

ఇక కిక్కు, ఆగిపోవడం. పెట్రోలు చల్లదనంలో సులభంగా ఆవిరి కాదు, కాబట్టి మొదటి నిమిషంలో ఇంజిన్‌కు గాలి తక్కువగా, పెట్రోలు ఎక్కువగా అందాలి. కార్బురేటర్ బండికి చోక్ ఇచ్చింది ఆ పని కోసమే. మీరు చోక్ మాట రాయలేదు. బహుశా వాడడం లేదు, లేదా దాని తీగ పట్టేసి పని చేయడం లేదు. చాలామంది బండ్లలో అది ఎండాకాలమంతా కదలక బిగుసుకుపోయి ఉంటుంది. ముందు దాన్ని సరిచేయించండి. ఉదయం తాళం తిప్పకుండానే చోక్ లాగి రెండు మూడుసార్లు నెమ్మదిగా కిక్కు తొక్కితే పెట్రోలు లోపలికి చేరుతుంది, ఆ తరవాత తాళం తిప్పి, యాక్సిలరేటరు ముట్టుకోకుండా గట్టిగా ఒక కిక్కు కొట్టండి. మొదటి స్టార్టు సెల్ఫ్‌తో వద్దు, ఇంజిన్ వేడెక్కాక దారిలో ఎన్నిసార్లు సెల్ఫ్ వాడినా పరవాలేదు. బండి అందుకున్న తరవాత అర నిమిషానికి చోక్ సగం, ఒకటి ఒకటిన్నర నిమిషానికి పూర్తిగా వెనక్కి పెట్టేయండి. చోక్ అలాగే ఉంచి కిలోమీటర్లు తోలితే ప్లగ్గుకు మసి పడుతుంది, ఎక్కువైన పెట్రోలు సిలిండరు గోడల మీదుగా కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌ను పలచన చేస్తుంది, మైలేజీ ఎలాగూ పడిపోతుంది. 2020 ఏప్రిల్ తరవాత వచ్చిన బీఎస్-6 ఇంజెక్షన్ బండ్లకు ఈ తతంగం లేదు. తాళం తిప్పి, ట్యాంకులో పంపు సన్నగా మోగి ఆగేదాకా రెండు మూడు సెకన్లు ఆగి స్టార్టు చేస్తే చాలు.

చోక్ సరిగ్గా వాడినా బండి వీధి చివర ఆగిపోతూ ఉంటే, కార్బురేటర్ కింది గిన్నెలో నీరు చేరిందేమో చూడాలి. ఇప్పుడు మనకు వచ్చే పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, దానికి తేమను పీల్చుకునే గుణం ఉంది. ట్యాంకు సగానికి పైగా ఖాళీగా ఉంచి మంచులో నిలిపితే లోపలి గాలిలోని తేమ రేకుకు పట్టి నీటిబొట్లుగా పెట్రోలులో దిగుతుంది. గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ విప్పి ఒక గాజు సీసాలోకి పట్టి చూస్తే అడుగున నీరు వేరుగా కనిపిస్తుంది. ఈ రెండు నెలలు ట్యాంకు సగానికి తగ్గకుండా చూసుకోండి. స్పార్కు ప్లగ్గు విప్పించి చూసినప్పుడు లేత గోధుమ రంగులో ఉంటే మంచిది, నల్లగా పొడి మసి ఉంటే చోక్ లేదా కార్బురేటర్ సర్దుబాటులో తేడా ఉంది. ఎయిర్ ఫిల్టర్ తప్పక చూడాలి, ఎందుకంటే నూర్పుల కాలంలో ఊకపొట్టు, ధూళి రోడ్డంతా ఎగురుతాయి. నూనె పట్టించినట్టు జిగటగా ఉండే కాగితపు ఫిల్టర్‌ను గాలికొట్టి శుభ్రం చేసే అలవాటు మన షెడ్లలో ఉంది. అది పొరపాటు, ఆ రకాన్ని మార్చాలే తప్ప కడగకూడదు, ఊదకూడదు.

చిక్కటి ఆయిల్ విషయంలో మీ మెకానిక్ సలహాను నేను ఒప్పుకోలేను. డబ్బా మీద 10డబ్ల్యూ-30 అని రాసి ఉన్నదానిలో మొదటి అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత త్వరగా పారుతుందో చెబుతుంది. అది ఎంత తక్కువైతే చలిలో అంత తేలికగా కదులుతుంది. మీ బండి పుస్తకంలో 10డబ్ల్యూ-30 రాసి ఉన్నప్పుడు 20డబ్ల్యూ-50 పోయిస్తే, తెల్లవారుజామున ఇంజిన్ మరింత బరువుగా తిరుగుతుంది, పైభాగానికి ఆయిల్ చేరడం ఆలస్యమవుతుంది, సెల్ఫ్ కష్టం ఇంకా పెరుగుతుంది. పాతబడి ఆయిల్ తాగుతున్న ఇంజిన్లకు ఎండాకాలంలో కొందరు చిక్కటిది వాడతారు. మీ బండి సంగతి అది కాదు. పుస్తకంలో చెప్పిన గ్రేడే, డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు ఉన్నదే పోయించండి. కార్ల ఆయిల్ చవకగా దొరికినా వద్దు, మన బండ్లలో క్లచ్ పలకలు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి కాబట్టి జారిపోతాయి. స్టార్టు చేశాక వాకిట్లో పది నిమిషాలు రేజ్ చేస్తూ నిలబెట్టడం కూడా అనవసరం. అర నిమిషం ఆగి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు బరువు పడకుండా నెమ్మదిగా తోలితే ఇంజిన్ దానంతటదే వేడెక్కుతుంది. చలికని తలుపులు మూసిన వసారాలోనో గదిలోనో మాత్రం ఒక్క నిమిషమైనా ఇంజిన్ నడపకండి, సైలెన్సర్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

అసలు విషయం మంచు. ఆకాశం నిర్మలంగా, గాలి కదలకుండా ఉన్న రాత్రి నేల త్వరగా చల్లబడి, దాన్ని ఆనుకుని ఉన్న తేమ గాలి సన్నటి నీటి బిందువులుగా మారడమే మంచు. తడి ఆరని పొలాలు, చెరువు గట్లు, గెడ్డలు ఉన్న పల్లాల్లో అది ముందుగా చేరుతుంది. మెరకలో రోడ్డు తేటగా ఉండి, కల్వర్టు దిగగానే ఏమీ కనబడకపోవడం అందుకే. సూర్యోదయానికి కాస్త అటూ ఇటూగా అది మరింత దట్టమవుతుంది. తెల్లవారుతోంది కదా, ఇక తగ్గిపోతుందని వేగం పెంచేవారు ఆ అరగంటలోనే ప్రమాదంలో పడతారు. పొలాల్లో గడ్డి కాల్చిన పొగ కలిసిన రోజున ఇంకా కష్టం.

ఎంత వేగంతో వెళ్లాలన్నది మీటరు చూసి కాదు, కనబడే దూరం చూసి నిర్ణయించుకోవాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. ఎదురుగా ఉన్నదేమిటో గ్రహించి బ్రేకు వేసేలోగా ఒకటిన్నర సెకను గడిస్తే, ఆ తరవాత తడి రోడ్డు మీద ఆగేదాకా కలుపుకుంటే దాదాపు 30 మీటర్లు కావాలి. అదే 60 వేగంలో 50 మీటర్లు దాటుతుంది. మన రోడ్ల పక్కన కరెంటు స్తంభాల మధ్య దూరం సుమారు 50 మీటర్లు ఉంటుంది కాబట్టి దాన్నే కొలతగా పెట్టుకోండి. ఒక స్తంభం దగ్గర ఉన్నప్పుడు తరవాతి స్తంభం కనబడకపోతే 40 కూడా ఎక్కువే. ఊళ్ల మధ్య ఒంటి రోడ్డు మీద ఎదుటివాడు కూడా మీలాగే వస్తుంటాడు కనుక కనబడే దూరంలో సగంలోనే ఆగగలగాలి. స్తంభాలలో సగం దూరం మాత్రమే కనబడే రోజున 20కి మించి పోవడం సాహసమే అవుతుంది. షిఫ్టుకు ఆలస్యమవుతుందంటారేమో. మంచు నెలల్లో ఉదయం షిఫ్టు వారంలో ఇరవై నిమిషాలు ముందు బయలుదేరడం తప్ప దానికి నాకు తెలిసిన మందు లేదు.

లైటు ఎప్పుడూ డిమ్‌లోనే ఉండాలి. బ్రైట్ వేస్తే వెలుగు పైకి చిమ్మి నీటి బిందువులకు తగిలి మీ కళ్లలోకే తిరిగి వస్తుంది. మీ తెల్లటి ఎల్‌ఈడీలు హ్యాండిల్ ఎత్తులో ఉన్నట్లయితే అవి చేస్తున్న పని కూడా అదే, బ్యాటరీని తోడేయడం దానికి అదనం. పసుపు లైటు మంచును చీల్చుకుపోతుందనే నమ్మకం ఉంది గాని, మంచు బిందువులు వెలుతురు తరంగాలకన్నా ఎంతో పెద్దవి కాబట్టి అన్ని రంగులనూ ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి. పసుపు కంటికి తక్కువ మిరుమిట్లు గొలుపుతుంది, అంతే. లైటు ఎంత కిందుగా ఉంది, ఎంత కిందికి వంగి ఉంది అన్నదే ముఖ్యం. అదనపు లైటు తప్పదనుకుంటే, తక్కువ వాట్లది ఒక్కటే, డూమ్ కన్నా కిందుగా, రోడ్డు మీద దగ్గరలో పడేటట్టు, ఫ్యూజు, రిలే పెట్టించి, తాళం తీస్తే ఆరిపోయేలా బిగించండి. దానికన్నా ముందు వెనక లైటు బల్బు చూడండి. అందులో రెండు తీగలుంటాయి. బ్రేకు వేసినప్పుడు వెలిగే తీగ బాగుండి, మామూలుగా వెలగవలసిన తీగ కాలిపోయి ఉన్న బండ్లు మన రోడ్ల మీద ఎన్నో. మీరు చూడగలగడం ఎంత అవసరమో, వెనక వచ్చే లారీ మిమ్మల్ని చూడడం అంతే అవసరం. వెనక మడ్‌గార్డు మీద, హెల్మెట్ వెనక ఎర్రటి రిఫ్లెక్టర్ స్టిక్కరు అతికించడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ.

చీపురుపల్లి నుంచి సుభద్రాపురం దాకా రోడ్డు మీద మీకు ఎదురయ్యేవి హైవే మీద ఎదురయ్యేవాటికన్నా వేరు. ఆరబోసిన ధాన్యం, దాని అంచున అడ్డుగా పెట్టిన రాళ్లు, తాటి దుంగలు, రాత్రికి కప్పిన నల్ల బరకం చీకట్లో రోడ్డు రంగులోనే ఉంటాయి. ధాన్యం మీదికి చక్రం ఎక్కితే బ్రేకు వేయకుండా, హ్యాండిల్ తిప్పకుండా, యాక్సిలరేటరు వదిలి నేరుగా దాటిపోవాలి. ఆర్మీ సెలక్షన్ల కోసం పరుగు సాధన చేసే కుర్రాళ్లు చీకటి ఉండగానే రోడ్డెక్కుతారు, ఒంటి మీద నల్ల టీషర్టు, చెవుల్లో పాటలు. అటు రాజాం, సంకిలి వైపు తిరిగేవారికి క్రషింగు నెలల్లో చెరకు బండ్ల బెడద చెప్పనక్కరలేదు. జంక్షన్‌లో హైవే ఎక్కే ముందు పూర్తిగా ఆగి, హెల్మెట్ అద్దం ఎత్తి, ఒక్క క్షణం చెవి పెట్టి వినండి. మంచులో లారీ కనబడేకన్నా ముందే వినబడుతుంది. హైవే మీద ఎడమ అంచున ఉన్న తెల్ల గీతను ఆధారం చేసుకోండి గాని సరిగ్గా దాని మీదే పోకండి. మంచుకు తడిసిన ఆ రంగు జారుతుంది, పైగా దీపాలార్పి నిలిపిన లారీలు ఆ గీతను ఆనుకునే ఉంటాయి. ముందు పోయే లారీ ఎర్ర దీపాన్ని పట్టుకుని వెంటపడడం చాలామంది చేసే పని. దాని డ్రైవరుకు కూడా మీకు కనిపించినంతే కనిపిస్తుంది, అతడు ఆగితే మీకు ఆగడానికి చోటుండదు. నాలుగు ఇండికేటర్లు ఒకేసారి వెలిగించి నడిపితే మీరు ఎటు తిరుగుతున్నారో ఎవరికీ తెలియదు. అస్సలు కనబడని స్థితి వస్తే రోడ్డు మార్జిన్‌లో ఆగవద్దు. పెట్రోలు బంకులోకో టీ కొట్టు ఆవరణలోకో పూర్తిగా దిగిపోయి ఆగండి.

రాత్రి షిఫ్టు చేసి ఉదయం 6 గంటలకు దిగే వారం దీనికన్నా ప్రమాదకరమని నా అభిప్రాయం. నిద్ర లేని కళ్లు, దట్టమైన మంచు, ఇంటికి చేరాలన్న తొందర ఒకేచోట కలుస్తాయి. వీలుంటే క్యాంటీన్‌లో టిఫిన్ చేసి, ఎండ పొడిచాక బయలుదేరండి. కన్ను మూతపడుతుంటే టీతో నెట్టుకురావడం కంటే కంపెనీలోనే ఒక అరగంట పడుకోవడం మేలు.

హెల్మెట్ అద్దం మసకబారేది మీ ఊపిరిలోని తేమ వల్ల. బయటి గాలికి చల్లబడిన అద్దం మీద అది పేరుకుంటుంది. మూతికి మఫ్లరు చుట్టుకుంటే ఊపిరి నేరుగా పైకి, అద్దం మీదికే తోసుకొస్తుంది కాబట్టి దాన్ని గడ్డం కిందికే పరిమితం చేయండి. అద్దాన్ని వేలు సందు మాత్రం తెరిచి ఉంచడం, పాత్రలు తోమే ద్రవ సబ్బు ఒక్క చుక్క లోపలి వైపు రాసి మెత్తటి గుడ్డతో గీతలు కనబడకుండా తుడిచేయడం, రెండూ పని చేస్తాయి, సబ్బు మాత్రం రెండు మూడు రోజులకోసారి రాస్తూ ఉండాలి. మీ హెల్మెట్‌కు లోపల రెండో పొర అతికించే పిన్‌లాక్ సదుపాయం ఉంటే అంతకన్నా మంచిది లేదు. గీతలు పడిన అద్దంలోంచి ఎదుటి లైటు చుట్టూ వెలుగు పూలు పూస్తుంది. అటువంటిది మార్చేయవలసిందే. నల్ల అద్దం ఈ వేళల్లో అసలే పనికిరాదు. మంకీ క్యాప్ మీద హెల్మెట్ పెట్టుకునే అలవాటు మన జిల్లాల్లో బాగా ఉంది. హెల్మెట్ తలకు సరిగా దిగదు, పడినప్పుడు ఊడిపోవచ్చు, హారన్ కూడా మందంగా వినబడుతుంది. పలచటి నూలు తొడుగు చాలు. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అన్న అంకె ఉన్న హెల్మెట్టే కొనండి.

బట్టల్లో మందం కన్నా గాలి చొరకపోవడం ముఖ్యం. రెండు స్వెట్టర్ల కన్నా ఒక స్వెట్టరు మీద రెయిన్‌కోటు చొక్కా ఎక్కువ వెచ్చగా ఉంచుతుంది. చేతి తొడుగులు మాత్రం తప్పవు. వేళ్లు కొంకర్లు పోతే క్లచ్, బ్రేకు మీద పట్టు ఆలస్యమవుతుంది, ఇందాక చెప్పిన 30 మీటర్ల లెక్క తప్పిపోతుంది. వెనక కూర్చున్నవారి శాలువా, చున్నీ, చీర చెంగు చక్రంలోకో చెయిన్‌లోకో పోకుండా బిగించి కట్టించండి.

బండి మిగతా భాగాల గురించి క్లుప్తంగా చెబుతాను. టైరులో గాలి బండి కదపకముందు, చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే ఒకటి ఒకటిన్నర పీఎస్‌ఐ దానంతటదే తగ్గుతుంది. టైరు అరిగి కాలువల అడుగున ఉండే గుర్తు గట్టుతో సమానమైపోతే ఎండలో ఎలాగో నడిచినా మంచు తడిలో నడవదు. మొదటి కిలోమీటరులో ముందు, వెనక బ్రేకులు తేలికగా రెండుసార్లు నొక్కి తడి ఆర్చుకోండి. చెయిన్‌కు ఆయిల్ సాయంత్రం ఇంటికి వచ్చాక, వేడిగా ఉన్నప్పుడు వేయండి, రాత్రంతా లోపలికి దిగుతుంది. ఇంజిన్ నడుస్తుండగా గేరులో వేసి చెయిన్ తిప్పుతూ గుడ్డతో తుడవకండి, వేళ్లు పోతాయి. రాత్రి బండిని ప్లాస్టిక్ కవరుతో బిగించి కప్పితే తేమ లోపలే నిలిచి తుప్పు పడుతుంది. గుడ్డ కవరు, పైన నీడ ఉంటే సరిపోతుంది. కోతలయ్యాక ఎలుకలు ఇళ్ల మీద పడతాయి, సీటు కింద తీగలు కొరుకుతాయి. వారానికోసారి సీటు తీసి చూడండి. సైలెన్సర్‌కు చుట్టుకున్న ఎండుగడ్డిని ఎప్పటికప్పుడు తీసేయాలి. భోగి మరునాడు వీధుల్లో కాలిన టైర్ల ఉక్కు తీగ ముక్కలు పడి ఉంటాయి, ఆ రెండు మూడు రోజులు పంక్చర్ షాపులకు తీరిక ఉండదు. భోగి మంటలో టైర్లు వేయవద్దని మీ వీధి కుర్రాళ్లకు చెప్పగలిగితే ఆ బాధ కూడా తప్పుతుంది.

చివరిగా అరకు ప్రయాణం. ముగ్గురూ ఆ బండి మీద వెళ్లడం నాకు సమ్మతం కాదు. మోటారు వాహనాల చట్టం 128వ సెక్షను ప్రకారం రెండు చక్రాల బండి మీద నడిపేవారు కాక మరొక్కరే కూర్చోవాలి. 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం తొమ్మిది నెలలు మొదలు నాలుగేళ్ల లోపు పిల్లలను బండి మీద ఎక్కించుకుంటే పిల్లవాడికి హెల్మెట్, నడిపేవారికి కట్టి ఉంచే సేఫ్టీ బెల్టు ఉండాలి, వేగం 40 దాటకూడదు. చట్టం మాట అలా ఉంచినా, 10 డిగ్రీల చలిలో 60 వేగంతో పోయే బండి మీద ఒంటికి తగిలే గాలి 5 డిగ్రీల చలితో సమానం. అరకు వైపు డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో 10 కన్నా తక్కువకు పడిపోవడం మామూలే. రెండేళ్ల పిల్లవాడు చలి వేస్తోందని చెప్పలేడు, తల్లి ఒడిలో నిద్రపోయినట్టే ఉంటాడు. మీ భార్య, బాబు రైలులో వెళ్లడం మంచిది. విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్లే రైలును కొత్తవలసలోగాని శృంగవరపుకోటలోగాని ఎక్కితే బొర్రా గుహల మీదుగా అరకు చేరుతుంది, సొరంగాలు వస్తుంటే బాబుకు అదొక సంబరం. మీరు కూడా వారితోనే రైలెక్కడం నాకు ఇంకా ఇష్టం.

బండి మీద వెళ్లక తప్పదనుకుంటే ఒంటరిగానో, ఒక స్నేహితుడితోనో, కొత్త బ్యాటరీ, మంచి టైర్లు ఉన్నాకనే వెళ్లండి. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కడం ఉదయం 9 గంటల తరవాత మొదలుపెట్టండి, అప్పటికి అనంతగిరి మలుపుల్లో మంచు చాలావరకు విడిపోతుంది. ఎండ తగలని మలుపుల్లో ఊట నీరు, రాలిన ఆకులు, నాచు ఉంటాయి, అక్కడ బండి వంచకుండా నెమ్మదిగా తిప్పాలి. గాలికొండ దగ్గర ఫొటోల కోసం మలుపులోనే బండి ఆపేవారుంటారు, మీరు మాత్రం వ్యూ పాయింటు లోపలికి దిగి ఆపండి. దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని ఇంజిన్ ఆపడం, న్యూట్రల్‌లో వదలడం ఘాట్ మీద చేయకూడని పని. ఎక్కడానికి ఏ గేరు పట్టిందో దిగడానికీ ఆ గేరే పెట్టి, ఇంజిన్ పట్టు మీద బండిని నిలుపుతూ, బ్రేకును పట్టి ఉంచకుండా వదిలి వదిలి వాడండి. ఎడతెగకుండా నొక్కిన బ్రేకు వేడెక్కి పట్టు తప్పుతుంది. కొండల్లో సూర్యుడు గట్టు చాటుకు పోగానే చలి, మంచు కలిసి దిగుతాయి కాబట్టి అరకులో మధ్యాహ్నం 2 గంటలకల్లా తిరుగుముఖం పట్టి, వెలుతురు ఉండగానే శృంగవరపుకోట చేరుకోండి. ఆలస్యమైతే ఆ రాత్రికి అక్కడే గది తీసుకుని, మరునాడు ఎండ ఎక్కాక దిగండి.